మా రోడ్డు పనికి కాపున్న పోలీసు చాచా

శుక్రవారం పొద్దున రోడ్డు మీద కోన్లు పేర్చడం అప్పుడే పూర్తయింది. ఫోన్ మోగితే చేతి తొడుగు తీసి చూశాను. చాచా పెద్దకొడుకు. ఆ అబ్బాయి ఎప్పుడూ మెసేజీలే పెడతాడు తప్ప ఫోన్ చేయడు. అందుకే ఎత్తకముందే ఏదో అయిందని అర్థమైంది.

"భాయ్, బాబా చలే గయే," అన్నాడు. నాన్న వెళ్లిపోయాడని.

తెల్లవారి నమాజుకని లేచి, కాళ్లూ చేతులూ కడుక్కుని మంచం మీద కూర్చున్న మనిషి అలాగే పక్కకు ఒరిగిపోయాడట. జుమ్మా నమాజు కాగానే ఖననం అని చెప్పాడు. "మీరు వస్తే బాబాకు ఇష్టంగా ఉంటుంది," అని కూడా అన్నాడు. ఆ మాట ఇంకా నన్ను వదలడం లేదు.

పనివాళ్లందరినీ సిమెంటు దిమ్మల వెనక్కి పిలిచి సంగతి చెప్పాను. కొత్తవాళ్లకు ఆయనెవరో తెలియదు. పాతవాళ్లం కొద్దిమందిమే మిగిలాం. రోలర్ నడిపే లింగన్న ఇంజను ఆపి దిగివచ్చాడు.

"ఏ చాచా? మన చాచానేనా?" అని అడిగాడు, ఇంకో చాచా ఎవరైనా ఉంటే బాగుండును అన్నట్టు.

"మన చాచానే."

"మొన్న రంజాన్‌కు మనందరికి సేమ్యా పంపిండు గదనే," అన్నాడు లింగన్న. తర్వాత తలమీది హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

నేను ఖననానికి వెళ్లలేకపోయాను. సైటు బాధ్యత ఇప్పుడు నాది. ఒకసారి లేన్ మూశాక, దాన్ని మళ్లీ తెరిచేదాకా బాధ్యుడు కదలకూడదు. నా బదులు నిలబడే మనిషి సాయంత్రానికి గానీ రాడు. వదిలి వెళ్తే చాచానే కోప్పడేవాడని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది నిజమే. అయినా ఆ పూటంతా మనసు ఒప్పుకోలేదు. మా వ్యాను నడిపే నిజామాబాద్ భాయ్ ఒక్కడే వెళ్లి, మాకు అన్నం పొట్లాలు తెచ్చే వేళకు తిరిగొచ్చాడు.

"మీ అందరి తరఫున నేను మట్టేసిన," అన్నాడు. అతని చెప్పులకు తడి మన్ను అంటుకుని ఉంది. మేమంతా ఆ మన్నునే చూస్తూ ఉండిపోయాం.

చాచా, అంటే చిన్నాన్న, అని పిలిచేవాళ్లమే గానీ ఆయన నాకు బంధువు కాదు. మా ఊరివాడు కాదు, మా భాషవాడు కాదు. బహ్రెయిన్ పోలీసు. రోడ్ల పని జరిగేచోట మా ప్రాణాలకు కాపలాగా యూనిఫాంలో నిలబడ్డ మనిషి. వాళ్ల తాతల కాలంలో బలూచిస్తాన్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం కాబట్టి అరబ్బీ ఎంత బాగా మాట్లాడేవాడో ఉర్దూ కూడా అంత బాగా మాట్లాడేవాడు. తెలంగాణ నుంచి వచ్చిన మాకు ఉర్దూ ఎలాగూ సగం సొంతమే. అలా మాటలు కలిశాయి. ఆయన మాటల్ని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను గానీ, రాస్తున్నప్పుడు నా చెవిలో వినబడేది ఆ బొంగురు గొంతు ఉర్దూనే.

హైవే మీద కారులో పోతూ మీరూ చూసే ఉంటారు. ముందు బాణం గుర్తు బోర్డు, తర్వాత కోన్ల వరస, మెరిసే జాకెట్లు వేసుకున్న మనుషులు, ఎర్రజెండా ఊపే ఒక మనిషి. కారులో ఉన్నవాడికి అదంతా రెప్పపాటులో అయిపోతుంది. అక్కడ నిలబడ్డవాడికి అది రోజంతా ఉంటుంది. పక్కనుంచి పెద్ద లారీ పోతే ఆ గాలికి ఒళ్లు ఊగుతుంది. మనకూ ఆ లారీకీ మధ్య ఉండేది ఒక ప్లాస్టిక్ కోను. తన్నితే ఎగిరిపోయేంత తేలిక.

మా కంపెనీకి రోడ్డు వెడల్పు చేసే పని దొరికినప్పుడు నేను తారు పరిచే ముఠాలో ఉండేవాణ్ని. అనుమతి ఇచ్చినవాళ్లు, లేన్ మూసినప్పుడల్లా యూనిఫాంలో ఉన్న పోలీసు ఒకరు బండితో సహా ముందు ఉండాలని షరతు పెట్టారు. అలా ఒక పొద్దున నీలం లైటు తిరుగుతున్న బండి ఒకటి వచ్చి మా కోన్ల ముందు ఆగింది.

గల్ఫులో పోలీసును అందరం షుర్తా అంటాం. "అరే, షుర్తా అచ్చిండు!" అని ఎవరో అనగానే అందరి చేతులూ జేబుల మీదికి పోయాయి. మాకు పోలీసు అంటే కార్డు చూపించడమే. జెండా పట్టే నర్సన్న అందరికంటే ముందు తన కార్డు తీసి రెండు చేతులతో పట్టుకుని ఎదురువెళ్లాడు. నర్సన్నది మా పక్క ఊరు, మెట్‌పల్లి అవతల. నాకంటే పెద్దవాడు. నోరు ఊరుకోని మనిషి.

"సాబ్, సబ్ కార్డ్ హై. సబ్ పక్కా," అన్నాడు.

చాచా బండిలోంచి దిగి, టోపీ సర్దుకుని, ఆ కార్డు వైపు చూడనుకూడా చూడలేదు.

"మీ కార్డులు నాకెందుకయ్యా? నేను వచ్చింది మిమ్మల్ని చూడ్డానికి కాదు. వాళ్లను చూడ్డానికి," అని పోయే కార్ల వైపు చెయ్యి చూపించాడు.

అది మాకు కొత్త. అప్పటిదాకా ఈ దేశంలో ఎవరూ మా వైపు వీపు పెట్టి, మా తరఫున అవతలివాళ్లకేసి చూసిన గుర్తు లేదు.

ఆయన బండిలో కూర్చునేవాడు కాదు. ఎండాకాలంలో కూడా. ఏసీ బండి పక్కనే పెట్టుకుని బయట ఎందుకు నిలబడతారని ఒకసారి అడిగాను. "లైటు చూసి అలవాటైపోయింది వాళ్లకు. టోపీ కింద తల కనబడాలి," అన్నాడు. నిజంగానే, దూరంగా వేగంగా వస్తున్న కారు ఆయన్ని చూడగానే బ్రేకు పడి ముందుభాగం కాస్త కిందికి వంగేది. ప్రతి కారూ అంతే, ఒకదాని తర్వాత ఒకటి వంగి లేచి మెల్లగా మా పక్కనుంచి పోయేది.

"చూశావా, సలాం చేస్తున్నాయి," అనేవాడు. ఖరీదైన కారు అయితే ఇంకా సంబరం. "ఈ పెద్దమనిషి కూడా సలాం చేశాడు!" అని నర్సన్నకు సైగ చేసేవాడు. నర్సన్న జెండా చంకలో పెట్టి ఆ కారుకు తిరిగి సలాం కొట్టేవాడు.

వాళ్లిద్దరికీ భలే కుదిరింది. ఒకరు కోన్ల వరసకు మొదట్లో, ఇంకొకరు కాస్త ఇవతల. పొద్దస్తమానం గట్టిగా అరుచుకుంటూ కబుర్లు. నర్సన్న ఆయనకు తెలుగు నేర్పడం మొదలుపెట్టాడు. "జరుగు", "ఆగు", "నీళ్లు తాగినవా" లాంటివన్నీ వచ్చేశాయి. అన్నిటికంటే ఆయనకు నచ్చిన మాట "పైలం". జాగ్రత్త అని మా వైపు అనే మాట. పొద్దున పని మొదలయ్యే ముందు మా ఒక్కొక్కరి భుజం తట్టి "పైలం, భాయ్, పైలం" అనేవాడు. ల అనే అక్షరాన్ని కొంచెం సాగదీసి పలికేవాడు.

మధ్యాహ్నం మాతోనే తినేవాడు. ఇంటినుంచి రొట్టెలు, పెద్ద సీసాలో మజ్జిగ తెచ్చేవాడు. లింగన్న చేసిన పచ్చిపులుసు మొదటిసారి నోట్లో పోసుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "ఇది తిండా, శిక్షా?" అని అడిగి, మర్నాడు మళ్లీ గిన్నె ముందుకు చాపాడు.

కోపం కూడా చూశాను. ఒకసారి ఒక కుర్రాడు పెద్ద కారులో వచ్చి, నర్సన్న జెండా చూపిస్తున్నా ఆగకుండా హారన్ మోగిస్తూ కోన్లను రాసుకుంటూ లోపలికి వచ్చేశాడు. నర్సన్న పక్కకు దూకాడు. చాచా ఆ కారును ఆపించి, కుర్రాణ్ని దిగమన్నాడు. చలానా రాస్తాడనుకున్నాం. రాయలేదు. తన బండిలోంచి ఒక మెరిసే జాకెట్ తీసి ఆ కుర్రాడికి తొడిగి, నర్సన్న పక్కన, పోయే కార్లకు ఎదురుగా నిలబెట్టాడు.

"ఏం చేయాలి నేను?" అన్నాడు కుర్రాడు చిరాగ్గా.

"ఏమీ చేయకు. చూస్తూ ఉండు."

మొదట చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రెండు లారీలు పక్కనుంచి పోయేసరికి చేతులు విడిచాడు. ఇంకో కారు కోన్లకు మరీ దగ్గరగా పోయేసరికి ఒక అడుగు వెనక్కి వేసి నర్సన్న చెయ్యి పట్టుకున్నాడు. చాచా అప్పుడు జాకెట్ విప్పించి, "ఇక వెళ్లు బాబూ. మెల్లగా వెళ్లు," అన్నాడు. ఆ కుర్రాడు కారెక్కబోతూ వెనక్కి వచ్చి నర్సన్నకు చేయి కలిపి వెళ్లాడు. నర్సన్న ఆ రోజంతా ఆ చేతిని మాకు చూపిస్తూనే ఉన్నాడు.

ఆ తర్వాత జరిగింది రాయడానికే ఈ కాగితం ముందు కూర్చున్నాననుకుంటాను. కానీ అక్కడికి వచ్చేసరికి చెయ్యి సాగడం లేదు.

అదీ శుక్రవారం పొద్దునే. తారు లారీ వచ్చి నిలబడింది. చాచా వైర్‌లెస్ మోగింది. కొంత దూరంలో వంతెన కింద రెండు కార్లు గుద్దుకున్నాయి, దగ్గరలో ఉన్న బండి ఆయనదే, వెళ్లమన్నారు. ఆయన వెంటనే కదల్లేదు. ఒకసారి మమ్మల్ని చూశాడు, ఒకసారి రోడ్డును చూశాడు.

"నేను వచ్చేదాకా ఎవరూ దిమ్మలు దాటొద్దు. పని ఖలాస్. అందరూ వెనక్కి," అని అప్పటి మా ఫోర్‌మన్‌కు చెప్పాడు. నర్సన్నకు దూరంనుంచే చెయ్యి ఊపి "పైలం!" అని అరిచి బండి ఎక్కాడు.

మేము దిమ్మల వెనక కూర్చున్నాం. చాలాసేపు చూశాం. తారు వేడిగా ఉన్నప్పుడే పరవాలి. చల్లారితే లారీ మొత్తం పారబోయాల్సిందే. ఫోర్‌మన్ అటూ ఇటూ తిరిగాడు. ఆయనా చెడ్డమనిషి కాదు. లారీని చూశాడు, ఆకాశం వంక చూశాడు, ఆఖరికి "ఉన్న ముక్క ఒక్కటి పూర్తిచేద్దాం, యల్లా, పదండి," అన్నాడు. నర్సన్న జెండా తీసుకుని తన చోటికి వెళ్లాడు.

ఆ కారు నడిపినవాడు ఫోన్ చూస్తున్నాడని తర్వాత తెలిసింది. నాకు వినబడింది కోన్లు ఒకదాని తర్వాత ఒకటి ఎగిరిపడ్డ చప్పుడు. తలెత్తేసరికి నర్సన్న నిలబడ్డ చోట నర్సన్న లేడు.

అంబులెన్సు కంటే ముందు చాచా బండి వచ్చింది. ఆయన పరుగెత్తుకుంటూ వచ్చి మోకాళ్ల మీద కూలబడ్డాడు. టోపీ తీసి పక్కన పెట్టి, నర్సన్న తలను తన ఒళ్లోకి తీసుకుని పేరు పెట్టి పిలిచాడు. ఎంతసేపు పిలిచినా నర్సన్న పలకలేదు. ఫోర్‌మన్ తలకొట్టుకుంటున్నాడు. చాచా అతన్ని ఒక్క మాట కూడా అనలేదు. అప్పుడే కాదు, ఆ తర్వాతా ఎప్పుడూ అనలేదు.

సాయంత్రం మేముండే క్యాంపుకు వచ్చాడు. యూనిఫాం తీసేసి, మామూలు బట్టల్లో. నర్సన్న మంచం మీద కూర్చుని, దుప్పటి అంచును వేళ్లతో సవరించాడు.

"ఆ వంతెన కింద ఎవరికీ ఏమీ కాలేదు," అన్నాడు చివరికి. "రెండు బంపర్లు సొట్టపోయాయి. వాళ్లిద్దరూ తప్పు నీదంటే నీదని అరుచుకుంటున్నారు. నేను మధ్యలో నిలబడి వింటున్నాను. నేను లేకపోయినా వాళ్లు అలాగే అరుచుకుంటూ ఉండేవాళ్లు."

"పిలిస్తే పోవాలె గద చాచా. అది మీ డ్యూటీ," అన్నాడు లింగన్న.

"డ్యూటీయే," అన్నాడు ఆయన. అంతకుమించి ఒప్పుకోలేదు.

నర్సన్న ఇంటికి ఫోన్ చేసినప్పుడు తానూ మాట్లాడతానన్నాడు. ఒకరి మాట ఒకరికి చెప్పడానికి మధ్యలో నేను కూర్చున్నాను. నర్సన్న భార్యను నేను వదినా అంటాను. ఆమె ఏడుపు కాస్త ఆగాక అడిగింది ఒక్కటే.

"ఆఖరికి ఆయన పక్కన ఎవలున్నరు తమ్మీ?"

నేను ఉర్దూలో చెప్పాను. చాచా ఫోను దగ్గరికి వంగి, "నేను ఉండాల్సింది, బెహన్. లేను. నన్ను మాఫ్ చెయ్యి," అన్నాడు. నేను ఆ మాటనే వదినకు చెప్పాను.

అటువైపు ముక్కు చీదుకున్న చప్పుడు వినబడింది. తర్వాత వదిన అంది, "ఆ పోలీసన్ననా? ఆయన నీ గురించి రోజు చెప్తుండె అన్నా. నేను షుర్తాకు తెలుగు నేర్పుతున్న, నా అసుంటోడు గల్ఫుల ఇంకోడు లేడు అని నవ్వుతుండె."

ఇది నేను చెప్పడం పూర్తిచేయకముందే చాచా లేచి బయటికి వెళ్లిపోయాడు. క్యాంపు గోడకు మొహం ఆనించి ఏడుస్తుంటే మేం ఎవరమూ దగ్గరికి పోలేదు. అంత పెద్దమనిషి ఏడుపును ఎలా ఆపాలో మాకు తెలియలేదు.

ఆ తర్వాత ఆయన ఎక్కువగా రోడ్డు పనుల డ్యూటీనే అడిగి వేయించుకునేవాడు. మాతోనే తినేవాడు, మమ్మల్ని పేరు పేరునా పిలిచేవాడు. కబుర్లు మాత్రం తగ్గాయి. కార్లు సలాం చేస్తున్నాయని మళ్లీ అనలేదు. వైర్‌లెస్ మోగినప్పుడల్లా ఆయన ముఖం చూడలేకపోయేవాళ్లం. ఎటైనా వెళ్లాల్సివస్తే ముందు మమ్మల్ని దిమ్మల వెనక కూర్చోబెట్టి, ఇంకో బండి వచ్చి నిలబడ్డాకే కదిలేవాడు. దానికోసం పైవాళ్లతో మాటలు కూడా పడ్డాడని తర్వాత వాళ్ల అబ్బాయి చెప్పాడు.

ఆయన రిటైరైపోయాక ఒకసారి జరిగింది చెప్పాలి.

మేము ఈసా టౌన్ వైపు రోడ్డు మీద కోన్లు పెడుతున్నాం. డ్యూటీ పోలీసు ఇంకా దారిలో ఉన్నాడు. మా ముందు కాస్త దూరంలో ఒక చిన్న పాత కారు రోడ్డు అంచున ఆగింది. అందులోంచి తెల్లటి పొడుగు చొక్కా వేసుకుని, తలకు ఎర్రగళ్ల గుడ్డ కట్టుకున్న పెద్దాయన దిగి, వచ్చే కార్లకు ఎదురుగా నిలబడి చెయ్యెత్తాడు. నడక చూసి లింగన్న గుర్తుపట్టాడు. "అరే, చాచా!"

ఒక్క కారూ వేగం తగ్గించలేదు. కొన్ని హారన్ కొట్టాయి. ఒకడు అద్దం దించి ఏదో అరిచి పోయాడు. ఆయన ఎత్తిన చెయ్యి దించలేదు. ఇంకా రెండడుగులు ముందుకు వేశాడు. నేను పరుగెత్తుకుంటూ వెళ్లి రెక్క పట్టి దిమ్మల వెనక్కి లాక్కొచ్చాను. ఆయన ఆయాసపడుతున్నాడు. నవ్వుదామని చూసి, తలగుడ్డ కొసతో మొహం తుడుచుకున్నాడు.

"ఇన్నేళ్లూ సలాం నాకే అనుకున్నాను," అన్నాడు. "బట్టలకు చేశారు."

ముందు పని ఆపించాడు. పోలీసు వచ్చేదాకా ఎవరూ కదలొద్దన్నాడు. కారులో కూరగాయల సంచులతో కూర్చున్న ఆయన భార్య చాచీని కూడా దింపి మా పక్కన కూర్చోబెట్టాడు. ఫ్లాస్కులో టీ ఉంటే అందరం పంచుకున్నాం. నేను అప్పటికి ఫోర్‌మన్‌ను అయ్యాను కదా, నాకు ప్రత్యేకంగా చెప్పాలనుకున్నట్టున్నాడు, నా మోకాలి మీద చెయ్యి వేశాడు.

"నువ్వు వేసుకున్న జాకెట్ నా యూనిఫాం కంటే ఎక్కువ మెరుస్తుంది. మైలు దూరంనుంచి కనబడుతుంది. అయినా నిన్ను చూసి తగ్గరు. నన్ను చూసి తగ్గేవాళ్లు, ఎందుకంటే వాళ్లకేం అవుతుందోనని భయం. నీకేం అవుతుందోనని భయపడి తగ్గిననాడు ఇక్కడ పోలీసుతో పని లేదు. ఆ రోజును నేను చూడలేదు బేటా. డ్యూటీ అయిపోయింది గానీ అది చూడలేదు."

అంతలో పోలీసు బండి వచ్చింది. కుర్రవాడు. చాచా వెళ్లి కిటికీ దగ్గర వంగి ఏదో చెప్పాడు. ఆ కుర్రవాడు దిగి, టోపీ పెట్టుకుని బయట నిలబడ్డాడు. మొదటి కారుకు బ్రేకు పడింది, ముందుభాగం వంగింది. దాని వెనకది కూడా. చాచా చేతులు వెనక కట్టుకుని, తను ఉండి ఖాళీ చేసిన ఇంటిని వీధిలోంచి చూసే మనిషిలా కాసేపు చూశాడు.

వెళ్లేటప్పుడు చాచీ మా వైపు తిరిగి "పైలం!" అంది. మేము ఆశ్చర్యపోయి నవ్వాం. ఆమెకు ఎందుకు నవ్వుతున్నామో తెలియలేదు. ఆయన ఇంట్లోంచి ఎవరు బయటికి పోతున్నా అదే మాట అంటాడట. అత్తగారి తరఫునుంచి వచ్చిన బలూచీ మాటేమో అనుకుందట. ఇంటిల్లిపాదికీ అలవాటైపోయిందట. "అది మా నర్సన్న మాట చాచీ," అని లింగన్న చెప్పాడు. ఆమె భర్త వైపు చూసింది. ఆయన కారు తాళాలు వెతుక్కుంటున్నట్టు జేబులో చెయ్యి పెట్టి తల దించుకున్నాడు. ఇన్నేళ్లూ నర్సన్న గురించి ఇంట్లో చెప్పలేదని అప్పుడు అర్థమైంది.

ఆయనకు ఒక్క కోరిక ఉండేది. నర్సన్న ఊరు చూడాలని. వదినకు ఫోన్లో కాకుండా ఎదురుగా కూర్చుని చెప్పాలని. "నువ్వు సెలవు మీద వెళ్లేటప్పుడు నన్నూ తీసుకుపో," అనేవాడు. ఒక ఏడు రంజాన్ అయ్యాక అనుకున్నాం. ఇంకో ఏడు ఎండలు తగ్గాక అనుకున్నాం. ఒకసారి నా సెలవు రద్దయింది. తర్వాత ఆయనకు గుండె జబ్బు పట్టుకుంది, విమానం వద్దన్నారు డాక్టర్లు. పోయినసారి నేను ఊరు వెళ్తుంటే ఖర్జూరాల డబ్బా ఒకటి ఇచ్చి, "నేను తెచ్చానని చెప్పు," అన్నాడు. "మీరు పంపారని చెప్తాను," అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "సరే, అలాగే చెప్పు," అన్నాడు.

వదిన ఆ డబ్బా తీసుకుని, "అన్న రాలేదా?" అని నా వెనక గుమ్మం వైపు చూసింది. వస్తాడని ఆమె కూడా ఎదురుచూస్తోందని నాకు అప్పటిదాకా తెలియదు. తిరిగొచ్చాక ఆ సంగతి ఆయనకు చెప్పాను. అప్పటికే మంచంలో ఉన్నాడు. కళ్లు మూసుకుని విన్నాడు.

ఆయన పోయిన శుక్రవారం సాయంత్రం లేన్ తెరిచి, సామాన్ ఎక్కించి, పని బట్టలతోనే వాళ్లింటికి వెళ్లాం. ఇంటి ముందు కుర్చీలు వేశారు. వచ్చినవాళ్లంతా తెల్లటి ఉతికిన బట్టల్లో ఉన్నారు. తారు మరకలతో మేము గేటు దగ్గరే ఆగిపోయాం. పెద్దకొడుకు చూసి ఎదురొచ్చి నన్ను కౌగిలించుకున్నాడు. లోపలికి తీసుకెళ్లి పెద్దవాళ్ల వరసలో కూర్చోబెట్టాడు. ఖర్జూరాలు, అరబ్బీ కాఫీ గావా ఇచ్చారు. లింగన్న ఖర్జూరం తినలేదు. చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

లోపల్నుంచి చాచీ కబురు పంపింది, మమ్మల్ని భోజనం చేయకుండా వెళ్లనివ్వొద్దని. అందరితోపాటు నేలమీద కూర్చుని ఒకే పళ్లెంలో తిన్నాం. వదినకు ఫోన్ చేద్దామా అని లింగన్న అడిగాడు. రేపు పొద్దున చేస్తానన్నాను. ఆమెకు ఈ మాట ఎలా చెప్పాలో నాకింకా తోచలేదు. ఇప్పుడు ఎవరి కోసమూ గుమ్మం వైపు చూడాల్సిన పని లేదని చెప్పాలి.

తిరిగి వస్తుంటే సూర్యుడు దిగిపోయి ఇంకా కొంచెం వెలుతురు మిగిలి ఉంది. గుదైబియా వైపు మళ్లే దారికి ముందు, వేరే కంపెనీవాళ్లు రోడ్డు అంచున ఏదో తవ్వుతున్నారు. కోన్లు ఉన్నాయి. పోలీసు బండి కనబడలేదు. దుమ్ముకు మొహానికి గుడ్డ చుట్టుకున్న ఒక మనిషి జెండా పట్టుకుని నిలబడ్డాడు. ఏ దేశంవాడో తెలియదు. నిజామాబాద్ భాయ్ ఎవరూ చెప్పకుండానే వ్యాను వేగం బాగా తగ్గించాడు. వెనక కార్లు హారన్లు మొదలుపెట్టాయి. ఒకటి లైట్లు కొట్టింది. భాయ్ అద్దంలోకి చూడలేదు. హారన్ల మోతలో మేము ఆ మనిషి పక్కనుంచి నడకంత నెమ్మదిగా పోతుంటే, అతను గుడ్డ మధ్యలోంచి మా కిటికీల్లోకి ఒక్కొక్కరినే చూస్తూ, జెండాను కొంచెం కిందికి దించాడు.